బిల్లు సరే, కరెంటెంత?

2025 సంక్రాంతికి ప్రొద్దుటూరు పోయాను. బస్సు దిగి ఇంటికి చేరి ఇంకా చెప్పులు కూడా విప్పలేదు, మా నాయన చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. కరెంటు బిల్లు. "సూడు. పోయిన సంక్రాంతికి పన్నెండొందలు కట్టినా. ఇప్పుడు రొండొందల యాభై గూడా ల్యా. నువ్వేమో వద్దంటివి" అన్నాడు.

నేను వద్దనలేదు. బిగించేవాళ్ళు చెప్పే మాటలన్నీ నమ్మొద్దు అన్నాను, అంతే. కానీ సంక్రాంతి పూట వాదనెందుకని ఊరుకున్నాను.

అసలు సంగతేంటంటే, 2024 ఫిబ్రవరిలో కేంద్రం పీఎం సూర్యఘర్ పథకం మొదలెట్టింది కదా. మొదటి రెండు కిలోవాట్లకి కిలోవాటుకి 30 వేలు, మూడు కిలోవాట్లు ఆపైన అయితే మొత్తం 78 వేలు రాయితీ. మా వీధిలో ఒకాయన పెట్టించుకున్నాడు, ఆయన్ని చూసి ఇంకొకాయన, వాళ్ళిద్దర్నీ చూసి మా నాయన. ఆగస్టుకల్లా మిద్దె మీద మూడు కిలోవాట్ల పలకలు ఎక్కాయి. మీటరు మార్చారు. బిల్లు పడిపోయింది. ఇహ కథ కంచికి అనుకున్నారంతా.

నాకు మాత్రం ఆ బిల్లు చూసిన దగ్గర్నుంచీ ఒకటే దురద. బిల్లు మీద మూడే అంకెలున్నాయి. ఇంపోర్టు 205, ఎక్స్‌పోర్టు 135, తేడా 70. ఆ 70కి స్లాబు లెక్క కట్టి డబ్బులడిగారు. మరి ఈ ఇంట్లో ఆ నెల ఎంత కరెంటు వాడారు? ఆ పలకల మీద ఎంత పుట్టింది? ఈ రెంటిలో ఒక్కటి కూడా బిల్లులో లేదు! మూడు లక్షల కోడు వరసలున్న ప్రోగ్రాములో "లోపాలు: 0" అని రిపోర్టొస్తే నేను ఆనందపడను, అసలు పరీక్షలు నడిచాయా అని చూస్తాను. వృత్తి రోగం అనుకోండి.

ఎందుకు లేదో చెప్తాను. పగలు పలకల మీద పుట్టిన కరెంటు ముందు మన ఇంట్లో ఫ్యాన్లకీ ఫ్రిజ్జుకీ పోతుంది. అలా వాడగా మిగిలింది మాత్రమే మీటరు దాటి వీధి తీగలోకి పోతుంది, అది ఎక్స్‌పోర్టు. రాత్రి మనం తీగలోంచి తెచ్చుకునేది ఇంపోర్టు. మీటరుకి తెలిసింది ఈ రాకపోకలే. ఇంట్లోనే పుట్టి ఇంట్లోనే ఖర్చయిన యూనిట్టు మీటరుని దాటనే దాటదు కాబట్టి దాని గురించి మీటరుకి ఏమీ తెలీదు. ఆ లెక్క సోలార్ ఇన్వర్టర్లో ఉంటుంది. కాబట్టి సూత్రం ఇది: వాడకం = పుట్టింది − బయటికి పోయింది + బయటినుంచి వచ్చింది. మూడో క్లాసు లెక్క. కానీ ఈ లెక్క వేసుకోవాలంటే ఇన్వర్టర్ దగ్గర ఒక అంకె, మీటరు దగ్గర రెండంకెలు ఒకే రోజున రాసుకోవాలి. ఎవరు రాస్తారండీ?

(మన ఇళ్ళల్లో 'ఇన్వర్టర్' అంటే కరెంటు పోతే ఫ్యాను తిప్పే బ్యాటరీ పెట్టె. సోలార్ వాళ్ళు బిగించేదాన్నీ ఇన్వర్టర్ అనే అంటారు. ఈ పేరు గోల వల్లే చాలామంది సోలార్ ఉంటే కరెంటు పోయినా ఇంట్లో దీపాలు వెలుగుతాయనుకుంటారు. వెలగవు. వీధిలో కరెంటు పోగానే ఈ ఇన్వర్టర్ కూడా ఆగిపోవాలి, లేకపోతే స్తంభమెక్కిన లైన్‌మేన్‌కి మన మిద్దె మీది కరెంటు తగులుతుంది. ఇది మా నాయనకి తెలిసిన రోజు బిగించినవాళ్ళకి ఫోన్లో పడిన తిట్లు ఇక్కడ రాయలేను.)

సరే, పండగ మర్నాడు మిద్దె ఎక్కాను. ఇన్వర్టర్ తెరమీద నొక్కుతూ పోతే నెలవారీ అంకెలు దొరికాయి. బిల్లు నెలకి 225 యూనిట్లు. అంటే ఇంట్లోనే ఖర్చయింది 90, బయటినుంచి తెచ్చుకుంది 205, మొత్తం వాడకం 295.

ఇక్కడ రెండుసార్లు ఆగాను. మొదటిది, అంతకు ముందు ఏడాది అదే నెల బిల్లు తీసి చూస్తే వాడకం 240. ఈ 55 ఎక్కడినుంచి వచ్చాయి? అమ్మని అడిగితే తెలిసింది, సోలార్ ఉంది కదాని గీజరు పెట్టించుకుందట. రెండు కిలోవాట్ల గీజరు రోజుకి గంట లోపు వేసినా నెలకి 55 అవుతుంది. సరిపోయింది.

రెండోది అసలైంది. మూడు కిలోవాట్లకి నెలకి 225 ఏమిటి? అంటే రోజుకి ఏడున్నర. మన సీమ ఎండకి కిలోవాటుకి ఏడాది సగటున రోజుకి నాలుగు యూనిట్లు వస్తాయని లెక్క. చలికాలం పొద్దు తక్కువ, ఒప్పుకుంటా. అయినా పది, పదిన్నర రావాలి. రోజుకి మూడు యూనిట్లు ఎక్కడికో పోతున్నాయి.

నాయనకి చెప్పాను. "యాడికీ పోలేదు, బిల్లు తగ్గింది గదా" అన్నాడు. ఆయన నలభై ఏళ్ళు బంగారు అంగట్లో గుమాస్తా. ప్రొద్దుటూరు సంగతి తెలిసిన వాళ్ళకి చెప్పక్కర్లేదు, కాటా మీద మిల్లీగ్రాము తేడా వస్తే రాత్రి పదింటి దాకా అంగడి కట్టేవాళ్ళు కాదు. అలాంటి మనిషి రోజుకి మూడు యూనిట్లు పోతుంటే "పోనీలే" అంటున్నాడంటే, తప్పు ఆయనది కాదు. ఆ కాగితానిది.

ఎలాగో చూడండి. 2022 ఏప్రిల్లో వచ్చిన స్లాబుల ప్రకారం ఇళ్ళకి మొదటి 30 యూనిట్లు 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. నికర వాడకం 70కి కట్టాల్సింది 57 + 120, అంటే 177. దీనికి ఫిక్సెడ్ చార్జీ, కస్టమర్ చార్జీ, సర్దుబాట్లు వగైరా కలిపితే రెండొందల నలభై ఎంతో. ఇప్పుడు నెలకి పోతున్న 90 యూనిట్లూ పోకుండా ఉంటే నికరం మైనస్ ఇరవై అయ్యేది. మిగిలేది ఆ 177 రూపాయలే. అంటే పలకలు తమ పనిలో పావు వంతు పైగా మానేసినా, దాని మీద ఇంకో గీజరు ఎక్కినా, రెండూ కలిసి బిల్లులో కనిపించింది 177 రూపాయలు. స్లాబులు పేదవాడి కోసం పెట్టినవి, వాటిని నేను తప్పుపట్టను. కానీ సోలార్ ఉన్న ఇంట్లో అదే స్లాబు నొప్పి తెలియకుండా ఇచ్చే మత్తుసూది. బాధ ఉంది, తెలియట్లేదు.

బెంగుళూరు వెళ్ళిపోయే ముందు చిన్న ఏర్పాటు చేశాను. తీగ చుట్టూ కరెంటు కొలిచే బిగింపు ఉంగరాలు రెండు (తీగ తెంచక్కర్లేదు, బట్టలకి క్లిప్పు పెట్టినట్టు పెట్టడమే), వోల్టేజీ చదివే చిన్న మాడ్యూలు, వైఫై ఉన్న ఒక ఈఎస్పీ32 బోర్డు, పాత లాప్‌టాపులో హోమ్ అసిస్టెంట్. మొత్తం ఖర్చు మూడు వేల లోపే. దీని గురించి గొప్పలు పోను, ఇంటర్నెట్లో వందమంది ఇంతకంటే బాగా చేసి పెట్టారు. ఒక్క హెచ్చరిక మాత్రం: డీబీ పెట్టెలో చెయ్యి పెట్టేది మెయిన్ కట్టేసి, తెలిసిన ఎలక్ట్రీషియన్ని పక్కన పెట్టుకునే. కోడు తప్పయితే మళ్ళీ నడపొచ్చు.

వారం తిరక్కుండా దొంగ దొరికాడు. గ్రాఫు పొద్దున తొమ్మిదికి ఎక్కడం మొదలెట్టి, పదకొండు దాటాక రంపం పళ్ళలాగా తయారైంది. సున్నాకి పడటం, కొన్ని నిమిషాలకి లేవటం, మళ్ళీ పడటం. రెండున్నర దాకా ఇదే తంతు. పక్కన వోల్టేజీ గీత చూస్తే పడే ముందు ప్రతిసారీ 254, 255. విషయం అర్థమైపోయింది. సీఈఏ 2013 నిబంధనల ప్రకారం ఇలాంటి ఇన్వర్టర్లు వోల్టేజీ 110 శాతం దాటితే రెండు సెకన్లలో తీగనుంచి తప్పుకోవాలి. 230కి 110 శాతం అంటే 253. చలికాలం మధ్యాహ్నం మా వీధిలో ఏసీల్లేవు, ఫ్యాన్లు కూడా సగం బందు. మూడిళ్ళ మీద సోలార్ పోస్తుంది. వోల్టేజీ పెరుగుతుంది. మీటరు దగ్గర 249 ఉంది. అది తప్పేం కాదు. మరి ఇన్వర్టర్ దగ్గర 255 ఎందుకుంది?

తీగ! ఇన్వర్టర్ని మిద్దె మీద పెట్టారు, మీటరు కింద వరండాలో. మధ్యలో ముప్ఫై మీటర్ల తీగ, రానుపోను అరవై. బిగించినవాళ్ళు వేసింది రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి. దాని నిరోధం కిలోమీటరుకి సుమారు 7.4 ఓములు, అరవై మీటర్లకి 0.44. మూడు కిలోవాట్లంటే 12 ఆంపియర్లు. గుణిస్తే 5 వోల్టుల పైన. ఇన్వర్టర్ కరెంటుని బయటికి తొయ్యాలంటే మీటరు కంటే ఆ అయిదు వోల్టులు ఎక్కువ ఎత్తుకోవాలి. ఎత్తుకోగానే గీత దాటుతుంది. దాటగానే ఆగిపోతుంది. ఆగగానే వోల్టేజీ దిగుతుంది, మళ్ళీ మొదలు. తీగలో పైసలు మిగుల్చుకున్నారు మహానుభావులు. ఇంజినీరింగు మొదటి ఏడాది లెక్క ఇది, నేను కాపీ కొట్టకుండా పాసైన కొద్ది సబ్జెక్టుల్లో ఒకటి :)

ఫిబ్రవరిలో ఆరు చదరపు మిల్లీమీటర్ల తీగ మార్పించాను. తేడా రెండు వోల్టులకి దిగింది. రంపం పళ్ళు పోయాయి. మార్చిలో రోజుకి సగటున 13.1 యూనిట్లు. మూడు నెలల్లో పోగొట్టుకున్నవి లెక్కవేస్తే 270 యూనిట్ల దాకా తేలాయి. ఈ సంగతి బిగించినవాళ్ళకి చెప్తే, "సార్, మీ ఫాదర్ గారు బిల్లు తగ్గిందని చెప్పారు కదా" అన్నారు. చూశారా, అదే కాగితం వాళ్ళకీ సాక్ష్యం!

ఇంకా తమాషా ఉంది. మేలో ఎండ మండిపోతుంది కాబట్టి మార్చి కంటే ఎక్కువ వస్తుందని నాయన ఎదురుచూశాడు. వచ్చింది రోజుకి 12. పలక మీద రాసిన సామర్థ్యం 25 డిగ్రీల దగ్గర కొలిచింది. మా ఊళ్ళో మే నెల మధ్యాహ్నం పలక వేడి 65 దాటుతుంది. ఒక్కో డిగ్రీకి 0.35 శాతం చొప్పున నలభై డిగ్రీలకి 14 శాతం తరుగు. వెలుతురు వేరు, వేడి వేరు. సోలార్‌కి కావాల్సింది వెలుతురు. వేడి దానికీ మనకీ ఒకేలా నీరసం.

మే లెక్క చెప్పకపోతే అన్యాయం. పుట్టింది 372, బయటికి పోయింది 190, వచ్చింది 230. నికరం 40, దానికి స్లాబు ప్రకారం 87 రూపాయలు. అసలు వాడకం 412! అంతకు ముందు మేలో 330. సోలార్ లేకుండా 412 వాడి ఉంటే యూనిట్లకే 2665 రూపాయలయ్యేది. ఆ పెరిగిన 82 మధ్యాహ్నం ఏసీ. చవగ్గా దొరికితే ఎక్కువ వాడతారని అర్థశాస్త్రం వాళ్ళు దీనికి పెద్ద పేరు పెట్టి మొహం చిట్లిస్తారు. నేను చిట్లించను. 43 డిగ్రీల ప్రొద్దుటూరు మధ్యాహ్నం అరవై దాటిన మా అమ్మ తడిగుడ్డ కప్పుకుని పడుకునే రోజులు నాకు గుర్తున్నాయి. మిద్దె మీద పుట్టిన కరెంటు అదే గంటలో కింద గదిలో చల్లదనం అయితే అంతకంటే మంచి వాడకం ఏముంటుంది? నా బాధల్లా తెలిసి వాడమనే. గీజరు ఉదయం అయిదింటికి వేస్తే అది సూర్యుడిది కాదు, ముద్దనూరు దారిలో కనిపించే పొగగొట్టాలది.

అవును, ఆ పొగగొట్టాలు. ఎర్రగుంట్ల పక్క కలమల్ల దగ్గర ఆర్టీపీపీ, 1650 మెగావాట్ల బొగ్గు. ఇటు జమ్మలమడుగు దాటితే మైలవరం వైపు సోలార్ పార్కు. 2017 ఏప్రిల్లో కడప పార్కులో 250 మెగావాట్లకి ఎన్టీపీసీ వేలం పెడితే యూనిట్ 3.15కి పాడారు, అప్పటికి దేశంలోనే తక్కువ ధరని పేపర్లన్నీ రాశాయి. నెల తిరిగేసరికి రాజస్థాన్ భడ్లాలో 2.44 వచ్చి ఆ ముచ్చట తీరిపోయిందనుకోండి. ఆ పార్కుల్లో ప్రతి పలకల వరసా ఎంత ఇచ్చిందో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కొలుస్తారు. ఒక వరస పావు వంతు తగ్గితే ఆరోజే మనిషిని పంపుతారు. మన ఇంటి మీద అదే పలక మూడు నెలలు నిద్రపోతే అడిగే దిక్కులేదు.

జమ్మలమడుగు అనుకున్నాం కాబట్టి మా అక్క వాళ్ళింటి సంగతి. వాళ్ళది రెండు కిలోవాట్లు. అక్కడి జబ్బు వేరు, దుమ్ము. నాపరాళ్ళు కోసే సీమ, ఆ తెల్ల పొడి ఎంత సన్నగా ఉంటుందో ఆ పక్కవాళ్ళకే తెలుసు. దానికి తోడు నల్లరేగడి గాలి. మా బావకి ఫోన్ చేసి, మబ్బులేని రెండు రోజులు చూసుకుని మధ్యలో పలకలు కడగమన్నాను. ముందురోజు 6.4, కడిగిన మర్నాడు 7.6. బావ ఉత్సాహం ఆపలేక వారానికోసారి బోరు నీళ్ళు కొట్టడం మొదలెట్టాడు, నీళ్ళు ఆరాక సున్నపు మరకలు పట్టాయి. ఇప్పుడు వానాకాలం పట్టుకున్న నీళ్ళతో పొద్దున్నే తుడుస్తున్నాడు. మిట్టమధ్యాహ్నం కాలిపోతున్న అద్దం మీద చన్నీళ్ళు పోయొద్దని వేరే చెప్పాలా.

అక్క మాత్రం ఒక మంచి ప్రశ్న వేసింది. "ఒరేయ్, నేను మోటరు, వాషింగ్ మిషను పగటికి మార్చినా. బిల్లులో రూపాయి తేడా రాలా. ఏంది లాభం?" నిజమే. ఇప్పటి నెట్ మీటరు లెక్కలో పగటి యూనిట్టూ రాత్రి యూనిట్టూ ఒకటే. మధ్యాహ్నం ఒకటి ఇచ్చి రాత్రి ఒకటి తెచ్చుకుంటే చెల్లుకి చెల్లు. వీధి తీగ మనకి ఉచిత బ్యాటరీ. కానీ ఈ ముచ్చట ఎన్నాళ్ళు? కేంద్రం 2023 జూన్‌లో వినియోగదారుల హక్కుల నియమాలు సవరించి, స్మార్టు మీటరు పెట్టాక గంటని బట్టి ధర ఉండాలంది. సూర్యుడున్న గంటల్లో మామూలు కంటే కనీసం 20 శాతం తక్కువ, సాయంత్రం ఎక్కువ. కాలిఫోర్నియాలో అదే ఏడాది ఏప్రిల్ నుంచి కొత్తగా పెట్టుకునేవాళ్ళు గ్రిడ్డుకిచ్చే కరెంటుకి కట్టే ధర బాగా కోసేశారు. అక్కడ ఉన్న మనవాళ్ళు చాలామంది ఆ దెబ్బకే బ్యాటరీలు కొన్నారు. గాలి అటే వీస్తోంది. అలాంటి రోజున అక్క అలవాటు డబ్బవుతుంది, మా అమ్మ అయిదింటి గీజరు ఖర్చవుతుంది. ఏ గంటలో ఎంత వాడుతున్నామో ఇవాళ తెలియకపోతే రేపు ఆ ధరల పట్టిక చూసి ఏం నిర్ణయించుకుంటాం?

ఇదంతా విని "నాకీ బోర్డులూ ప్రోగ్రాములూ రావు" అనేవాళ్ళకి పైసా ఖర్చులేని పద్ధతి ఒకటుంది. మీటరు మీద చిన్న ఎర్ర దీపం మిణుకుమంటుంది చూడండి, పక్కన 3200 అనో మరొకటనో అంకె ఉంటుంది. యూనిట్టుకి అన్నిసార్లు మిణుకుతుందని అర్థం. 3200 ఉన్న మీటరైతే, రెండు మిణుకుల మధ్య సెకన్లు లెక్కపెట్టి 1125ని దానితో భాగించండి. వచ్చింది వాట్లు. రాత్రి పడుకోబోయే ముందు అన్నీ ఆపి, ఫ్రిజ్జు కాసేపు తీసి లెక్కపెట్టండి. (సోలార్ ఉన్నవాళ్ళు పగలు చెయ్యకండి, అటు పోయేదో ఇటు వచ్చేదో తెలీదు.) మా ఇంట్లో అన్నీ ఆపినా 12 సెకన్లకోసారి మిణికింది. అంటే 94 వాట్లు, నెలకి 67 యూనిట్లు! ఒక్కొక్క ప్లగ్గూ పీకుతూ పోతే సగం వాటా పాత బ్యాటరీ ఇన్వర్టర్‌ది. బ్యాటరీ చచ్చిపోయి ఎన్నాళ్ళయిందో, దాన్ని బతికించాలని అది ఇరవైనాలుగు గంటలూ సెలైన్ ఎక్కిస్తోంది. మిగతాది టీవీ డబ్బా, వైఫై, నీళ్ళ ఫిల్టరు. ఎనిమిదేళ్ళ నుంచి బిల్లు కడుతున్నాం, ఏ బిల్లూ ఈ ముక్క చెప్పలేదు.

ఇక పులివెందుల. మా మామకి అక్కడ చీనీ తోట ఉంది. ఆయనకి నా బిగింపు ఉంగరం చూపిస్తే రెండడుగులు వెనక్కి వేశాడు. "అల్లుడూ, మోటరుకి మీటరు మాత్రం పెట్టొద్దప్పా. ఈరోజు నువ్వు పెడ్తావు, రేపు వాళ్ళొచ్చి బిల్లు పెడ్తారు." నవ్వకండి. ఆ భయానికి చరిత్ర ఉంది. ఎన్టీఆర్ ప్రభుత్వం వచ్చిన కొత్తలో మీటర్లు తీసేసి హార్స్‌పవరుకి ఏడాదికి 50 రూపాయల లెక్క పెట్టింది. 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల మీద ఊరేగింపు పోతే బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి మనుషులు పోయారు. 2004 మే 14న ఇదే పులివెందుల మనిషి ముఖ్యమంత్రిగా మొదటి సంతకం ఉచిత కరెంటు మీదే పెట్టాడు. 2020లో ప్రభుత్వం మోటార్లకి మీటర్లు పెట్టి డబ్బు రైతు ఖాతాలో వేస్తామని శ్రీకాకుళంలో మొదలెడితే ఎంత గోల జరిగిందో చూశాం. సీమ రైతుకి మీటరంటే కొలత కాదు, నోటీసు.

నేనొకటే చెప్పాను. "మామా, ఇది వాళ్ళ మీటరు కాదు, నీది. అంకె నీ ఫోన్లోనే ఉంటుంది, వారమయ్యాక పీకేస్తా." ఒప్పుకున్నాడు. అయిదు హార్స్‌పవరు మోటరు, ఆటో స్టార్టరు. పగటి తొమ్మిది గంటల కరెంటు వచ్చిందంటే అదే మొదలవుతుంది, పోతే అదే ఆగుతుంది. రోజుకి నలభై యూనిట్లు తాగుతుందని నా అంచనా. గ్రాఫు వేరే కథ చెప్పింది. మొదటి నాలుగు గంటలు ఏడున్నర ఆంపియర్లు. ఆ తర్వాత అయిదుకి పడి ఎగుడుదిగుడుగా కొట్టుకుంటోంది. బోర్లో నీళ్ళు దిగిపోయి మోటరు నీళ్ళూ గాలీ కలిపి పీలుస్తోంది. మిగతా అయిదు గంటలు తిరగడమే గానీ నీళ్ళు తక్కువ. రెండేళ్ళలో మోటరు రెండుసార్లు కాలిపోయింది ఎందుకో అప్పుడు తెలిసింది. కరెంటు ఉచితమే, మోటరు చుట్టించడం ఉచితం కాదు, బోర్లో నీళ్ళూ ఉచితం కాదు. ఇప్పుడు నాలుగు గంటలు నడిపి, మూడు గంటలు ఆపి, మళ్ళీ రెండు గంటలు వేస్తున్నాడు. ఉంగరం పీకేస్తానంటే "ఉండనీలే" అన్నాడు.

ఇదంతా చదివి ఎక్కడికక్కడ కొలిచెయ్యండని ఉపదేశిస్తున్నాననుకునేరు. ఒక దెబ్బ నాకూ తగిలింది. ఏప్రిల్లో ఒకరోజు పొద్దున ఫోన్ చేసి, "అమ్మా, రాత్రి రెండింటికి లేచి వంటింట్లో ఏం చేశావు? ఒంట్లో బాలేదా?" అని అడిగాను. అటువైపు చాలాసేపు మాట లేదు. తర్వాత నాయన ఫోన్ తీసుకుని, "ఏమిరా, బెంగుళూర్లో కూర్చోని మేమెప్పుడు లేచ్చామో ఎప్పుడు పండుకుంటామో సూచ్చాండావా?" అన్నాడు. గొంతులో కోపం కంటే ఇంకేదో ఉంది. అమ్మకి నాలుగు రోజులుగా నిద్ర పట్టట్లేదట, నాకు చెప్పొద్దని అనుకున్నారు. నేను కరెంటు కొలుస్తున్నాననుకున్నాను, వాళ్ళని కొలుస్తున్నాను.

ఆ వారమే బయటినుంచి చూసే దారి మూసేశాను. ఇప్పుడు అంకెలు ఇంట్లో లాప్‌టాపు దాటి రావు. హాల్లో ఒక పాత టాబ్లెట్టు గోడకి తగిలించాం, అందులో మూడే అంకెలు: పుట్టింది, వాడింది, పోయింది. నాకు కావాలంటే నాయన్ని అడగాలి. ఈ దెబ్బ తగిలాక స్మార్టు మీటర్ల మీద కూడా నా ఆలోచన కాస్త మారింది. రోజుకొక్కసారైనా దూరంనుంచి చదవాలనీ, ఆ వివరం వినియోగదారుడికి ఇవ్వాలనీ పైన చెప్పిన 2023 సవరణలోనే ఉంది. ఇవ్వాలన్నది చాలా మంచిది, దాన్ని గట్టిగా అడగాలి. నెలకొక అంకె బదులు గంటకొక అంకె మన చేతికొస్తే నా ఉంగరాలూ బోర్డులూ అటక మీద పెట్టేస్తాను. కానీ అమ్మ నిద్ర సంగతి కొడుక్కి తెలియడమే ఇంత ఇబ్బంది అయితే, ఊరూ పేరూ లేని సర్వర్లకి తెలియడం? సోలార్ ఇన్వర్టర్ల యాప్‌లు ఇప్పటికే మన లెక్కలన్నీ ఎక్కడో దేశం బయట దాస్తున్నాయి, ఆ ఖాతా తాళం చాలా ఇళ్ళల్లో బిగించినవాడి దగ్గరే ఉంది. మా ఇంటిది నెల రోజులు వెంటపడితే గానీ ఇవ్వలేదు. మీరు కొత్తగా పెట్టించుకుంటుంటే చివరి చెక్కు ఇచ్చే ముందే ఖాతా పేరూ పాస్‌వర్డూ రాయించుకోండి, తీగ ఎన్ని చదరపు మిల్లీమీటర్లో చూసుకోండి. చెక్కు ఇచ్చాక ఫోన్ ఎత్తరు.

మొన్న ఆదివారం రాత్రి నాయన ఫోన్ చేశాడు. ఆయన టాబ్లెట్టులో అంకెల్ని నమ్మడు, రోజూ సాయంత్రం ఆరింటికి చూసి అంగడి రోజుల నాటి ఎర్ర అట్ట ఖాతా పుస్తకంలో రాసుకుంటాడు. "నిన్న పదకొండూ ఎనిమిది. ఈపొద్దు తొమ్మిదీ రెండు. మబ్బు ల్యా, దుమ్ము నిన్ననే తుడిచ్చి. రొండున్నర యాడికి పాయెరా?" అన్నాడు.

నాకు తెలీదు నాయనా అన్నాను. "తెలీకపోతే ఎట్లరా, లెక్క కుదరాల గదా" అని పెట్టేశాడు. శనివారం బస్సుకి టికెట్టు తీసుకున్నాను.